కడుపునకు పట్టీ వేయించుకొన్నవారు - గ్రామస్థులు తెలిసికొనదగిన సంగతులు

స్థూలకాయము పట్టణవాసులకు, ధనికులకు మాత్రమే వచ్చు వ్యాధియని తలచు కాలము గడచిపోయినది. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, ఆంధ్రప్రదేశమునందు 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో మూడవవంతునకు మించినవారు ఉండదగినదానికంటె ఎక్కువ బరువు కలిగియున్నారు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. రోలు పోయి గ్రైండరు వచ్చినది. పొలమునకు నడచి పోవువారు మోటారు సైకిలుమీద పోవుచున్నారు. ఒంటికి శ్రమ తగ్గినది గాని కంచములోని అన్నము తగ్గలేదు.

ఇట్టివారిలో బరువు మితిమీరి, దానితోపాటు మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగుట మున్నగు బాధలు కలిగినవారు కొందరు నగరములకు పోయి శస్త్రచికిత్స చేయించుకొని వచ్చుచున్నారు. అందులో జీర్ణాశయమునకు పట్టీ వేయుట ఒక పద్ధతి. దీనినే వైద్యులు గ్యాస్ట్రిక్ బ్యాండ్ అందురు. శస్త్రచికిత్స ఒక గంటలోనో రెండు గంటలలోనో ముగియును. రోగి కొలదిదినములలోనే ఇల్లు చేరును. అటుపిమ్మట అతడు బ్రతుకవలసినది మన ఊరిలో, మన పంక్తిలో, మన పెండ్లి విందులలో. చికిత్స ఫలించుట, ఫలింపకపోవుట అక్కడనే తేలును. కావుననే ఈ విషయమును పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

ముందుగా పట్టీ ఎట్టిదో చూతము. అది సిలికోనుతో చేసిన మెత్తని కంకణము. దాని లోపలి అంచున చిన్న తిత్తి యుండును. పొట్టపై చిన్న రంధ్రములు చేసి, దుర్భిణివంటి సాధనముతో చూచుచు, జీర్ణాశయపు పైభాగము చుట్టును ఈ కంకణమును తొడుగుదురు. పట్టీకి పైన చిన్న సంచివంటి భాగమేర్పడును. మొదట దానిలో పట్టునది ఒకటి రెండు పెద్ద చెంచాల పదార్థము మాత్రమే. పట్టీనుండి సన్నని గొట్టము వచ్చి, పొట్ట చర్మము క్రింద అమర్చిన చిన్న బిళ్లకు కలియును. వైద్యుడు ఆ బిళ్లలోనికి ప్రత్యేకమైన సూదితో సెలైను ఎక్కించినచో పట్టీ బిగియును. తీసివేసినచో వదులగును. బిగువును మార్చుటకు వీలైన ఈ పట్టీని అమెరికాలో లుబొమిర్ కుజ్మాక్ అను శస్త్రవైద్యుడు 1986లో వాడుకలోనికి తెచ్చెను. పొట్టను పెద్దగా కోయకుండ రంధ్రములద్వారా దీనిని అమర్చు పనిని 1993లో బెల్జియం దేశమున మితికు బెలాచ్యూ అను వైద్యుడు చేసెను. 2001లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ దీనికి అనుమతి నిచ్చినది.

ఇటీవల ఈ పట్టీలు వేయుట చాల తగ్గినదని కూడ చెప్పవలెను. పట్టీ జారుట, జీర్ణాశయపు గోడను ఒరసికొని లోనికి చొచ్చుకొనిపోవుట, కోరినంత బరువు తగ్గకపోవుట మొదలగు కారణములచే పలువురికి కొన్నేండ్లకు దానిని తీసివేయవలసి వచ్చినది. ఇప్పుడు జీర్ణాశయములో పెద్దభాగమును కోసి తొలగించు స్లీవ్ పద్ధతి, ప్రేగును మళ్లించు బైపాస్ పద్ధతి ఎక్కువగా జరుగుచున్నవి. అయినను మునుపు పట్టీ వేయించుకొన్నవారు ఊళ్లలో ఉన్నారు. అదిగాక, ఇచట చెప్పబోవు తిండి అలవాట్లలో చాలభాగము మిగిలిన రెండు పద్ధతులవారికిని వర్తించును. మందుల మోతాదులు మాత్రము వారికి వేరుగా నుండును. అది వారి వైద్యుడు చెప్పవలసిన సంగతి.

కొంచెము లావుగానున్న ప్రతివారును ఈ చికిత్సకు పోదగదు. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుచేత రెండుమార్లు భాగించగా వచ్చు అంకెను వైద్యులు చూతురు. 165 సెంటీమీటర్ల ఎత్తు, 100 కిలోల బరువు కలవానికి ఆ అంకె సుమారు 36.7 అగును. 2022లో ప్రకటితమైన అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘముల సూచనలనుబట్టి 35 దాటినవారికి శస్త్రచికిత్స సిఫారసు చేయవచ్చును. ఆసియావాసులకు తక్కువ బరువులోనే మధుమేహాది వ్యాధులు వచ్చుచుండుటచే వారికి 27.5 దాటినప్పటినుండియే ఆలోచింపవచ్చునని అందులోనే గలదు. ఇక ఫలితమును గూర్చి. 110 కిలోల మనిషి ఉండదగిన బరువు 65 కిలోలనుకొందము. అధికముగా నున్నది 45 కిలోలు. అందులో నూటికి 40 మొదలు 50 వంతులు, అనగా 18 మొదలు 22 కిలోలు రెండేండ్లలో తగ్గినచో పట్టీ తన పని తాను చేసినట్లే. మూడు నెలలలో సన్నజాజి తీగవలె అగుదుమని ఆశపడువారికి ఈ లెక్క ముందే తెలియుట మంచిది. లేనిచో నాల్గవ నెలలోనే విసుగుపుట్టి పాత పద్ధతికి పోవుదురు.

పట్టీ దానంతటది కొవ్వును కరగింపదు. దాని పని యొక్కటే: కొద్దిపాటి తిండికే ఆకలి తీరినట్లు తోపించుట. ఆ సూచనను విని కంచము ముందునుండి లేచువాడు మనిషి. వినకపోయిన పట్టీ ఏమియు చేయజాలదు.

శస్త్రచికిత్స జరిగిన మొదటి వారములలో ఆహారము క్రమముగా మారవలెను. ఒకటి రెండు వారములు పలుచని ద్రవములు, పిమ్మట మెత్తగా రుబ్బినవి, తరువాత మెత్తగా ఉడికినవి, సుమారు ఆరు వారములు గడచిన మీదట మామూలు గట్టి ఆహారము. ఏ దశ ఎన్నాళ్లో ఆ వైద్యుడు చెప్పిన చీటీయే ప్రమాణము. ఈలోపల "నీరసించినాడు, కాసింత మాంసము పెట్టుడు" అని ఇంటిలోని పెద్దలు కరుణ చూపుట కద్దు. కొత్తగా తొడిగిన పట్టీ ఇంకను తనచోట కుదురుకొనలేదు. ఆ సమయమున గట్టి తిండి తిని వాంతిచేసికొనిన పట్టీ జారు ప్రమాదము గలదు. ఈ సమయమున కరుణ యనగా చీటీ ప్రకారము పెట్టుటయే.

గట్టి ఆహారము మొదలైన పిమ్మట అలవరచుకొనవలసినవానిలో మొదటిది నమలుట. ఇది చెప్పుటకు చిన్నది, చేయుటకు పెద్దది. ముద్ద చిన్న ఉసిరికాయంత యుండవలెను. దానిని ఇరువది మార్లయినను నమలి, గుజ్జయిన మీదట మ్రింగవలెను. మ్రింగి కొంచెము తాళి మరియొక ముద్ద తీసికొనవలెను. భోజనము ఇరువది, ముప్పది నిమిషములు పట్టును. అంతకుమించి సాగదీయుట కూడ తగదు, ఏలయన ముద్ద ముద్దకు సంచి ఖాళీయగుచుండ తెలియకయే ఎక్కువ తినుట జరుగును. పొలమునుండి వచ్చి అయిదు నిమిషములలో కంచము ఖాళీచేసి లేచు మనవారికి ఇది నిజముగా కష్టము. చిన్న పళ్లెము, చిన్న చెంచా వాడుట కొంత సాయపడును.

రాయలసీమలో రాగి సంకటి తినువారికి ఇచట ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. సంకటి ముద్దను పులుసులోనో పప్పులోనో అద్దుకొని నమలకుండ మ్రింగుట అక్కడి వాడుక. నమిలినచో పండ్లకు అంటుకొనునని పిల్లలకు కూడ అట్లే నేర్పుదురు. పట్టీ ఉన్నవాడు ఆ విధముగా మ్రింగిన ముద్ద పట్టీకి పైననే చిక్కుకొనును. రొమ్ములో బిగిసినట్లు నొప్పి, నోట నీరూరుట, పిమ్మట వాంతి. కనుక సంకటి తినకతీరనివారు దానిని చాల మెత్తగా, కొద్దిగా, నమలి తినవలెను. లేదా మానవలెను. తెలంగాణములో జొన్నరొట్టె తినువారికిని, ఎండిన రొట్టె ముక్క అట్లే అడ్డుపడవచ్చును. కోస్తా జిల్లాలలో ముద్దగా వండిన అన్నము కూడ ఉండకట్టి చిక్కుపడుటకు వీలున్నది. పూరీ, దోసెవంటి సాగునవి, పీచుగల మునగకాడలు, పనసతొనలు, కమలాపండు తొనలమీది పొర, కొబ్బరిముక్కలు, గట్టిగా ఉడికిన వేటమాంసము కొందరికి పడవు. అందరికి అన్నియు పడకపోవుననికాదు. ఒకసారి పడనిది మరల కొన్ని వారములకు కొద్దిగా చూచుకొనవచ్చును.

కంచములో మొదట తినవలసినది మాంసకృత్తులు గల పదార్థము. ముండ్లు తీసిన చేప, కోడిగ్రుడ్డు, గట్టి పెరుగు, మెత్తగా ఉడికిన పెసరపప్పు, కందిపప్పు, శనగలు ఈ తరగతిలోనివి. పెద్దవారికి సాధారణముగా దినమునకు 60 గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు అవసరమని వైద్యులు చెప్పుదురు. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములుండును. తరువాత కూర. అన్నము చివర. మనము నేటివరకు అన్నమును కొండవలె పెట్టుకొని, దానిని మ్రింగుటకు ఇంత పప్పు, ఇంత పచ్చడి వేసికొనుచుంటిమి. పట్టీ ఉన్నవానికి ఈ వరుస తలక్రిందులు కావలెను. కడుపులో చోటు తక్కువ. అన్నము ముందుగా నింపినచో పప్పునకు చోటుండదు. ఒంటిలోని కండ కరగి నీరసము వచ్చును. బరువు తగ్గినదని సంతోషించుటకు లేదు, కరగవలసినది కండకాదు గదా.

నీటి విషయము. భోజనమధ్యమున నీరు త్రాగరాదు. భోజనము ముగిసిన తరువాత అరగంట మొదలు గంటవరకు ఆగవలెను. నీటితో కలిసిన అన్నము జావయై పట్టీనుండి జారిపోవును, కడుపు నిండిన భావము నిలువదు. మిగిలిన వేళలలో మాత్రము గుక్కెడు గుక్కెడుగా దినమున ఒకటిన్నర, రెండు లీటర్లు త్రాగుచుండవలెను. వేసవిలో పొలముపనికి పోవువారు సీసా దగ్గర ఉంచుకొనవలెను. చెంబెడు నీరు గటగట త్రాగుట వారికి సాధ్యముకాదు. దాహమెత్తిన పిమ్మట కూడదీసికొందుమనుట వారివిషయములో చెల్లదు.

ఇక అన్నిటికంటె మోసకరమైనది తీపి ద్రవము. పట్టీ గట్టి ఆహారమును మాత్రమే అడ్డగించును. తూము తలుపు సగము దింపిన కాలువలో దుంగ ఆగునుగాని నీరు ఆగదు. చెరకురసము, సీసాలలోని చల్లని పానీయములు, ఐసుక్రీము, పాయసము, కల్లు, సారాయి ఏ అడ్డంకియు లేకుండ దిగిపోవును. రెండు చెంచాల చక్కెరతో దినమునకు అయిదుమార్లు తేనీరు త్రాగువాడు 40, 50 గ్రాముల చక్కెరను తినుచున్నాడు. "నేను ఇడ్లీ ఒక్కటే తింటిని, అయినను బరువు తగ్గలేదు" అని వాపోవువారి తేనీటి లెక్క అడిగినచో కారణము తెలియును. పొంగు పానీయములలోని వాయువు పొట్ట నుబ్బించి బాధ కూడ పెట్టును. పలుచని మజ్జిగ, చక్కెర లేని తేనీరు అభ్యంతరము లేనివి.

పట్టీ బిగువును గూర్చి ఒక అపోహ ప్రబలముగా నున్నది. ఎంత బిగించిన అంత బరువు తగ్గునని రోగులు వైద్యుని బలవంతపెట్టుదురు. నిజమునకు మితిమీరి బిగించిన పట్టీ బరువు పెంచును! ఎట్లనగా, పప్పు, గ్రుడ్డు, కూర దిగక వాంతియగుచుండ, మనిషి దిగెడు వస్తువులను వెదకుకొనును. దిగునవి ఏవి? తీపి జావ, మిఠాయి, బిస్కట్టు తేనీటిలో నానవేసినది, ఐసుక్రీము. కనుక గట్టి ఆహారము నమలి తినినప్పుడు హాయిగా దిగి, కొద్దిపాటితోనే తృప్తి కలిగించునది సరియైన బిగువు. చిన్న భోజనమయిన రెండు గంటలకే ఆకలి వేయుచున్నచో పట్టీ వదులు. తరచు వాంతులు, రాత్రి పడుకొన్నప్పుడు దగ్గు, పుల్లని నీరు గొంతులోనికి వచ్చుట అయినచో బిగువెక్కువ. ఈ సరిచూపు ఒక్కసారితో ముగియదు. శస్త్రచికిత్సయైన నాలుగు మొదలు ఆరు వారములకు మొదటి సర్దుబాటు, తరువాత మొదటి సంవత్సరములో అనేకమార్లు ఆసుపత్రికి పోవలసియుండును. క్రమముగా పోవుచున్నవారు పోనివారికంటె ఎక్కువ బరువు తగ్గుదురని అనుభవము చెప్పుచున్నది. మన ఊళ్లనుండి హైదరాబాదునకో, విజయవాడకో, విశాఖపట్టణమునకో పోయివచ్చుటకు కూలి పోవును, బస్సు ఖర్చగును. శస్త్రచికిత్సకు అప్పుచేసిన కుటుంబము ఈ చిన్న ఖర్చునకు వెనుదీయుట చూచుచున్నాము. చికిత్సకు పోవుటకు ముందే మొదటి సంవత్సరపు ప్రయాణముల ఖర్చు కూడ లెక్కలో వేసికొనవలెనని అట్టి కుటుంబమునకు చెప్పవలసినవారు గ్రామపెద్దలే.

పెండ్లి పంక్తి సంగతికి వత్తము. మన దేశమున అతిథి "చాలు" అనుట మర్యాదకు, వడ్డించువాడు వినకపోవుట అంతకుమించిన మర్యాదకు. విస్తరిపై చేయి అడ్డము పెట్టినను వ్రేళ్లసందునుండి నేయి పోయు సమర్థులు ప్రతి గ్రామమునను గలరు. కంచములో మిగిల్చినచో అన్నపూర్ణకు అపచారమందురు. అన్నము వదలివేసినాడని ఇంటివారు నొచ్చుకొందురు. ఇవి అన్నియు కరవుకాలములలో ఆకలి నెరిగినవారు ఏర్పరచుకొన్న మంచి మర్యాదలే. కాని పట్టీ ఉన్నవానికి ఒక్క ముద్ద ఎక్కువయినను వాంతి తప్పదు. పదిమందిలో వాంతి చేసికొనుట కంటె విందునకే పోకుండుట మేలని కొందరు ఇల్లు కదలుట మానుచున్నారు. కొందరు మొగమాటమునకు తిని చాటునకు పోయి కక్కుచున్నారు. మరల మరల వాంతియైన సంచి సాగిపోవును, పట్టీ జారును. లక్షలు ఖర్చుపెట్టిన పని ఒక లడ్డుతో చెడుట వింతగా తోచవచ్చును గాని అది జరుగుచున్న సంగతియే.

సర్పంచిగాని వార్డు సభ్యుడుగాని పంక్తిలో కూర్చుండి, "ఆయనకు చాలునట, బలవంతపెట్టకుడు" అని ఒక్కమాట అన్నచో అది నెగ్గును. ఇంటి కోడలు అన్నచో నెగ్గదు. ముఖ్యముగా స్త్రీల విషయములో దీనిని గమనింపవలెను. ఇంటిలో అందరికి వడ్డించి చివర మిగిలినదంతయు ఊడ్చితినుట మన గృహిణుల అలవాటు. పారవేయుటకు మనసొప్పదు. పట్టీ వేయించుకొన్న గృహిణి అందరితోపాటు కూర్చుండి, తన వంతు ముందుగానే చిన్న పళ్లెములోనికి తీసికొని తినవలెను. ఇది ఆమె తలచిన మాత్రమున కాదు, అత్తమామలును భర్తయు ఒప్పుకొనవలెను. అట్లే, "డబ్బు తగులబెట్టి కడుపు కట్టించుకొన్నాడు" అని రచ్చబండ దగ్గర పరిహాసమాడువారిని మందలించుట కూడ పెద్దలకు తగును. దిగులుతోనో అవమానముతోనో ఉన్న మనిషి ఒంటరిగా కూర్చుండి తినుట ఎక్కువ. అట్టివారు 14416 అను టెలి మానస్ సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.

నడక విషయములో పంచాయతీ ప్రత్యక్షముగా చేయగలది ఉన్నది. శస్త్రచికిత్స మరునాటినుండియే మెల్లగా నడువవచ్చును. బస్తాలు మోయుట మొదలైన బరువుపనులు సుమారు ఆరు వారములు కూడవు. ఆపైన దినమునకు అరగంటయైనను చురుకుగా నడువవలెను. పొలముపని చేయుచున్నాము గదా యని కొందరందురు. మందుకొట్టు యంత్రము దగ్గర నిలుచుండుట, గట్టుమీద కూర్చుండి కూలీలను చూచుట నడక కాదు. స్త్రీలు నడుచుటకు చోటే లేదు. వేకువజామున, చీకటిపడిన పిదప మాత్రమే వారికి తీరిక. ఆ వేళల ఊరి బాటపై దీపములు వెలుగవు, కుక్కలు వెంటబడును. పాఠశాల ఆవరణమును బడివేళలు కానప్పుడు నడకకు తెరచియుంచుట, చెరువుకట్టమీద ముండ్లు కొట్టించుట, రెండు మూడు వీధిదీపములు సరిగా వెలుగునట్లు చూచుట పెద్ద వ్యయమునకు సంబంధించినవి కావు. పట్టీ లేనివారికిని ఇవి ఉపయోగపడును.

మందులను గూర్చి క్లుప్తముగ చెప్పెదము. తిండి తగ్గుటచే విటమినులు, ఇనుము, సున్నము, బి12 కొరతపడవచ్చును. వైద్యుడు వ్రాసిన మాత్రలు మానరాదు. ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను. మధుమేహమునకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడుచున్నవారు తిండి తగ్గినప్పుడు పాత మోతాదే వాడినచో చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. శస్త్రచికిత్సకు పోకముందే దీనిని వైద్యునితో మాటాడుకొనవలెను. ఒంటినొప్పులకు అంగడిలో దొరకు మాత్రలు తమంతట తాము కొని మ్రింగరాదు, కొన్ని మాత్రలు జీర్ణాశయములో పుండ్లు పుట్టించును. పొగ త్రాగుట మానవలెను. స్త్రీలు శస్త్రచికిత్స పిమ్మట ఏడాది మొదలు ఏడాదిన్నరవరకు గర్భము రాకుండ చూచుకొనవలెను. గర్భము నిలిచినచో వెంటనే వైద్యునికి తెలిపిన, అవసరమునుబట్టి పట్టీని వదులుచేయుదురు.

వారమునకొకసారి, ఒకే త్రాసుపై, ఒకే వేళ బరువు చూచుకొని పుస్తకములో వ్రాసికొనుట మేలు. ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరమున త్రాసు ఉండును. ఆశా కార్యకర్తకు ఎవరెవరికి పట్టీ ఉన్నదో వారి సమ్మతితో తెలిసియుండుట మంచిది. ప్రతిదినము త్రాసెక్కి దిగువానికి మిగులునది ఆందోళనయే. వారమునకు అరకిలో మొదలు కిలోవరకు తగ్గుట మంచి నడక. కొన్ని వారములు కదలకనే ఉండును. ఆ కాలమున ఏమి తినుచున్నామో వ్రాసిచూచుకొనిన కారణము సాధారణముగా కనబడును.

చివరగా ఆపద సంగతి. పట్టీ ఉన్నవానికి హఠాత్తుగా నీరు కూడ దిగకపోయినను, వాంతులు ఆగకపోయినను, పొట్ట పైభాగమున తీవ్రమైన నొప్పి వచ్చినను, చర్మము క్రింది బిళ్ల చుట్టును ఎఱ్ఱబడి జ్వరము వచ్చినను, సోడా త్రాగించుట, కడుపు రుద్దుట మొదలైన చిట్కాలతో కాలము గడపరాదు. 108 బండిని పిలువవలెను. వచ్చిన సిబ్బందికిని, చేరిన ఆసుపత్రి వైద్యునికిని మొదటిమాటగా "జీర్ణాశయమునకు పట్టీ ఉన్నది" అని చెప్పవలెను. పట్టీ సంగతి ముందుగా తెలిసినచో దానిలోని సెలైను తీసి వదులుచేయవచ్చును. దానికి వేరు సూది కావలెను, మామూలు సూదితో బిళ్లను గ్రుచ్చిన అది కారిపోవును. కావున పట్టీ వేయించుకొన్న ప్రతివారును ఒక చీటీపై ఆసుపత్రి పేరు, ఫోను సంఖ్య, శస్త్రచికిత్స తేదీ, పట్టీ రకము, కడపటిసారి అందులో నున్న సెలైను ఎన్ని మిల్లీలీటర్లో వ్రాయించుకొని, ఒక ప్రతి తమ జేబులోను, ఒక ప్రతి ఇంటిలో అందరికి తెలిసిన చోటను ఉంచవలెను. చదువు రాని ఇంటిలో ఆ చీటీని వ్రాసియిచ్చు పనిని వార్డు సభ్యుడు పూనుకొనవచ్చును.